స్ప్రాకెట్ బోల్టులు ఊరికే ఎందుకు వదులైతున్నయ్?

ఈసారి ముచ్చట వెనక చక్రం స్ప్రాకెట్ బోల్టుల గురించి. మన నల్లగొండ, పాలమూరు దిక్కు బండి మీద బరువులు మోసేటోళ్లు ఎక్కువగ అడిగేది ఇదే: "అన్నా, మొన్ననే కొత్త చైన్ సెట్ వేయించిన. నెల తిరగకముందే వెనక బోల్టులు లూజైనయ్, ఒకటి విరిగింది కూడా. బోల్టు నకిలీదా, మెకానిక్ సరిగ్గ బిగించలేదా?" రెండూ కావచ్చు. కానీ అసలు సంగతి ఇంకా లోపలుంది.

ముందుగాల ఒక మాట. ఇది చప్పుడుతోని పోయే బాధ కాదు. బోల్టులు వదులైతే స్ప్రాకెట్ పక్కకు ఒరుగుతది. చైన్ పళ్ల మీదికెక్కి జారుతది, లేకుంటే స్ప్రాకెట్‌కు, స్వింగ్ ఆర్మ్‌కు నడుమ ఇరుక్కుంటది. ఇరుక్కుంటే వెనక చక్రం పట్టేస్తది. జడ్చర్ల దగ్గర 44వ నంబర్ హైవే మీదనో, చిట్యాల దగ్గర 65వ నంబర్ హైవే మీదనో 70 స్పీడ్‌ల పోతుంటే, వెనక లారీ ఉంటే, చక్రం ఒక్కసారి పట్టేస్తే ఏమైతదో నేను చెప్పాల్సిన పని లేదు.

సరే, లోపల ఏముంటదో చూద్దాం. మన వంద సీసీ, నూటయాభై సీసీ బండ్లల్ల చాలా వాటికి ఇంజన్ దగ్గర చిన్న స్ప్రాకెట్, వెనక పెద్ద స్ప్రాకెట్, నడుమ చైన్. ఈ పెద్ద స్ప్రాకెట్ నేరుగ చక్రానికి ఉండదు. ఒక గుండ్రటి డ్రమ్‌కు నాలుగైదు బోల్టులతోని బిగించి ఉంటది. ఆ డ్రమ్‌కు, చక్రానికి నడుమ రబ్బరు ముక్కలుంటయ్. గేరు వేసినప్పుడు వచ్చే గుంజుడు దెబ్బ నేరుగ బోల్టులకు తగలకుండ అవి మింగుతయ్.

ఇప్పుడు అసలు విషయం. చాలామంది ఏమనుకుంటరంటే, బోల్టు అనేది గోడకు కొట్టిన మేకు లెక్క, స్ప్రాకెట్ దాని మీద ఆనుకొని తిరుగుతది అని. ఆ బోల్టు చేసే పని అది కాదు. రెండు పలకలను గట్టిగ ఒకదానికొకటి అదిమి పట్టుడే దాని పని. అదిమినప్పుడు ఆ రెండు పలకల నడుమ పుట్టే రాపిడే ఇంజన్ బలాన్ని చక్రానికి చేరవేస్తది. బట్టలు ఎండేసి పెట్టే క్లిప్పు ఉంటది చూడు, గట్ల. క్లిప్పు పట్టు సడలితే చీర జారుతది. స్ప్రాకెట్ కూడా అంతే.

జర లెక్క చేద్దాం, భయపడకుండ్రి. స్ప్లెండర్ ప్లస్ ఇంజన్ టార్క్ సుమారు 8 న్యూటన్ మీటర్లు. మొదటి గేరుల అది వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి 30 రెట్లకు పైనే అయితది. తక్కువల తక్కువ 240 అనుకుందాం. బోల్టులు నడిబొడ్డు నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దూరంల ఉన్నయనుకుంటే, వాటి దగ్గర స్ప్రాకెట్‌ను పక్కకు నూకే బలం 540 కిలోల బరువుకు సమానం. ఒక పాడి బర్రె అంత!

ఇటు పట్టు ఎంత? 8 ఎంఎం బోల్టును 25 న్యూటన్ మీటర్లకు బిగిస్తే అది సుమారు ఒకటిన్నర టన్నుల బలంతోని పలకలను అదుముతది. నాలుగు బోల్టులకు ఆరు టన్నులు. పలకల నడుమ రాపిడి అందుల 15 శాతం అనుకుంటే 900 కిలోలు. అవతల 540 నూకుడు, ఇవతల 900 పట్టు. స్ప్రాకెట్ కదలదు. ఇప్పుడు బోల్టులు సగం వదులైనయనుకో, పట్టు 450. నూకుడు 540. స్ప్రాకెట్ వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుడు మొదలైతది. అట్ల జరిగిన ప్రతిసారీ బోల్టు పక్కకు వంగుతది. ఒక తీగను చేతుల పట్టుకొని అటూ ఇటూ వంచుతుంటే కొంతసేపటికి తెగుతది కదా. బోల్టు విరుగుడు కూడా అదే పద్ధతి. ముందు వదులైంది, తర్వాత వంగింది, ఆఖరికి విరిగింది. మనకు కనిపించేది ఆఖరిదే.

"ఒక్కటే కదా విరిగింది, మూడున్నయ్ కదా" అని నడిపేటోళ్లున్నరు. మూడు బోల్టులు మంచిగ బిగిసి ఉంటే పట్టు 675, ఎట్లనో గట్ల నిలుస్తది. కానీ ఒకటి విరిగేదాకా వచ్చిందంటే మిగతా మూడు కూడా అదే ఊగుడు తిన్నయ్. రెండోది విరిగితే 450. ఇగ ఆ తర్వాత మిగతావి పోవుడు ఎన్ని కిలోమీటర్లు అన్నదే లెక్క.

బిగించిన బోల్టు దానంతట అది ఎట్ల వదులైతది? దీని మీద జర్మనీ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ 1969ల ఒక పేపర్ రాసిండు. బోల్టు పొడవు దిశల ఎంత ఊపినా అది పెద్దగ వదులు కాదు. పలకలు పక్కకు అటూ ఇటూ జరిగితేనే మరలు జారి బోల్టు వెనక్కి తిరుగుతదని ఆయన చూపించిండు. ఆయన పేరుతోని ఉన్న మెషీన్ మీద ఇప్పటికీ బోల్టులను పరీక్షిస్తరు. మన షెడ్లల్ల భరోసాగ వేసే స్ప్రింగ్ వాషర్ ఉంది కదా, ఆ మెషీన్ మీద అది దాదాపు ఏ ఉపకారం చెయ్యదు. అది ఉన్నా లేకున్నా పక్క ఊగుడుకు బోల్టు తిరుగుతది.

మన దిక్కు బండ్లకు ఈ పక్క ఊగుడు ఎక్కువ. పొద్దుగాల ఊర్ల నుంచి పాలు తెచ్చేటోళ్లను చూడు. 40 లీటర్ల క్యాన్లు చెరోపక్క ఒకటి. పాలే 82 కిలోలు, క్యాన్ల బరువుతోని 90 దాటుతది. చేను నుంచి రోడ్డెక్కాలంటే మొదటి గేరు, సగం క్లచ్చు, ఫుల్ ఎక్సలేటర్. పైగా బరువు పడ్డంక వెనక భాగం కిందికి దిగి చైన్ ఇంకా బిగుసుకుంటది. ఖాళీ బండి మీద టైట్ చేసిన చైన్, క్యాన్లు ఎక్కినంక తీగలెక్క అయితది. అందుకే చైన్ ఎంత వదులుందో మీరు రోజూ మోసే బరువుతోనే చూడాలె. శ్రీశైలం ఘాట్‌ది ఇంకో తీరు. మన్ననూరు దాటి అడవిల మలుపులు దిగేటప్పుడు ఎక్సలేటర్ వదిలితే చక్రమే ఇంజన్‌ను గుంజుతది, అంటే బలం ఉల్టా. మళ్ల ఎక్సలేటర్ ఇస్తే సీదా. ప్రతి మలుపుల ఈ ఉల్టా సీదా. యుంకర్ మెషీన్ చేసేది కూడా ఇదే.

ఇగ షెడ్డు దగ్గర జరిగేది. బోల్టు తల మీద అంకె చూడుండ్రి. 8.8 అనో 10.9 అనో ఉండాలె. కిలో లెక్కన అమ్మే బోల్టుల తల మీద ఏమీ ఉండదు, చాలా మటుకు మెత్తటి ఇనుము. 4.6 రకం 8 ఎంఎం బోల్టు 900 కిలోల దగ్గర్నే సాగుడు మొదలుపెడతది, మనకు కావాల్సిందేమో ఒకటిన్నర టన్ను. అంటే బిగించేటప్పుడే అది సాగిపోయింది. చేతికి మాత్రం గట్టిగనే ఉన్నట్టు అనిపిస్తది.

ఇంకొకటి, పలకల నడుమ పెయింటు, గ్రీజు, చైన్ ఆయిల్. స్ప్రాకెట్‌కు అందంగ రంగు కొట్టి బిగిస్తరు. నాలుగు రోజులల్ల ఆ రంగు నలిగిపోతది, నలిగినంత మేర బోల్టు వదులైతది. ఆయిల్ ఉంటే రాపిడే తగ్గుతది. అందుకే బిగించే ముందు రెండు ముఖాలు మెరిసేదాకా తుడవాలె. పెట్రోల్‌తోని తుడిస్తే సన్నటి జిడ్డు మిగులుతది, థిన్నర్ మేలు.

వెల్డింగ్ పెట్టిస్తే? వద్దు. వేడికి గట్టి బోల్టు మెత్తబడతది, పక్కనున్న రబ్బర్లు కాలుతయ్, రేపు స్ప్రాకెట్ మార్చాలంటే డ్రమ్ మొత్తం మార్చాలె. నాకు తెలిసి వెల్డింగ్ ఖర్చుకు నాలుగు కొత్త బోల్టులు, ఒక చిన్న థ్రెడ్ లాకర్ సీసా వస్తయ్. నీలం రంగు మీడియం రకం సరిపోతది, పూర్తిగ గట్టిపడేందుకు 24 గంటలు ఇయ్యాలె. ఎర్రది వేస్తే మళ్ల విప్పుటానికి వేడి చెయ్యాల్సి వస్తది. కంపెనీ లాక్ ప్లేట్ ఇచ్చిన బండి అయితే ప్లేట్ కొత్తది వెయ్యాలె, ఒకసారి మడిచిన చెవిని మళ్ల మడిస్తే తెగుతది.

టార్క్ రెంచ్ లేకుంటే? 20 సెంటీమీటర్ల స్పానర్ కొసను పన్నెండు పదమూడు కిలోల బలంతోని గుంజితే 25 న్యూటన్ మీటర్లు. కూరగాయల దుకాణపు కొక్కెం త్రాసు తగిలించి గుంజి చూడుండ్రి, ఒక్కసారికే చేతికి అలవాటైతది. కానీ మీ బండి మాన్యువల్‌ల ఏ అంకె ఉంటే అదే ఫైనల్, ఈ 25 లెక్క కోసం తీసుకున్నది. బోల్టులు వరుసగ కాదు, ఎదురెదురుగ బిగించాలె.

చైన్ లేకుండ బెల్టు మీద నడిచే బండ్లకు కూడా ఇదే కథ. అక్కడ స్ప్రాకెట్‌ను పుల్లీ అంటరు. హార్లే డేవిడ్సన్ 1980ల స్టర్జిస్ మోడల్ నుంచి బెల్టు పట్టింది, మన దగ్గర ఏథర్ 450 స్కూటర్‌కు బెల్టే. ఆ పెద్ద హార్లేలల్ల టార్క్ వందకు పైన ఉంటది, పుల్లీ బోల్టులు విరుగుడు అక్కడా ఉన్నదే. టైరు మార్పించినప్పుడు పుల్లీ విప్పి, పాత బోల్టులే తిరిగి వేసిన తర్వాత ఎక్కువగ వచ్చే బాధ ఇది. వారాంతంల సాగర్ దిక్కు పోయేటోళ్లు టైరు షాపుల ఇది అడిగి వేయించుకోండ్రి.

చూసుకునే తీరు చెప్త. బండి సెంటర్ స్టాండ్, ఇంజన్ బంద్, న్యూట్రల్. ఇంజన్ నడుస్తుండంగ చైన్ దగ్గర గుడ్డ పెట్టి వేళ్లు పోగొట్టుకున్నోళ్లు మస్తుమంది, ఆ పని చెయ్యకుండ్రి. స్ప్రాకెట్‌ను రెండు చేతులతోని పట్టి అటూ ఇటూ ఊపు. రబ్బర్లు అరిగితే కూడా ఊగుతది, కాబట్టి బోల్టు తల పక్కన వేలు పెట్టి, అక్కడ కదులుతుందో లేదో చూడు. బోల్టు చుట్టూ ఎర్రటి పొడి ఉంటే అది ఇనుము రాపిడికి రాలిన పొడి. మన చెల్క దుమ్ము కూడా ఎర్రగనే ఉంటది, ఇక్కడ మోసపోతం. శుభ్రంగ తుడిచి, బోల్టు తల మీద నుంచి స్ప్రాకెట్ మీదికి తెల్ల పెయింటు పెన్నుతోని ఒక గీత గియ్యి. ఒకరోజు నడిపినంక చూడు. దుమ్మయితే అంతటా ఉంటది, రాపిడి పొడి అయితే బోల్టు చుట్టే ఉంటది. గీత తెగిందంటే బోల్టు తిరిగింది. కొత్త చైన్ సెట్ వేయించినంక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లకు ఒకసారి ఈ గీత చూసుడు మరువొద్దు.

దారిల విరిగితే మిగతావి బిగించి, బరువు దింపి, వెనక మనిషిని దింపి, మెల్లగ దగ్గరి షెడ్డు దాకా పోవచ్చు. రెండు విరిగితే నడపొద్దు, ట్రాలీ ఆటోల ఎక్కియ్యుండ్రి. విరిగిన ముక్క లోపల ఉండిపోతే ఉలితోని కొట్టనియ్యకుండ్రి. డ్రమ్ అల్యూమినియం, మరలు పాడైతయ్. లేత్ షాపుకు తీసుకపోతే నడుమ బెజ్జం వేసి ఉల్టా మర పనిముట్టుతోని తీస్తరు. ఇంటికి పోయినంక ఆ విరిగిన బోల్టు ముక్కను పారెయ్యకుండ్రి, తల మీద అంకె ఉందో లేదో చూడుండ్రి.