మందు ఎందుకు మానేస్తారు?



హెచ్‌ఐవీ మందులు మన దేశంలో 2004 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్నది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క గోళీయే. అయినా మధ్యలో మానేసేవాళ్లున్నారు. సోమరితనం అనుకోకండి.

సోలాపూర్, భివండీ సాంచాల మీద బతికే మనకు ఎంత నేస్తే అంత కూలి. ఆస్పత్రి లైనులో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. నైట్ షిఫ్టు అయితే గోళీ వేళ తప్పుతుంది. ఇంకా ఒక్క గదిలో ఆరుగురం, డబ్బా ఎక్కడ దాచేది? మా బంధువుల్లో ఒకామెను "ఏం గోళీ వదినా అది?" అని నేనే అడిగిన. బీపీది అన్నది. ఆ భయంతో మూడు నెలలు ముట్టనే లేదట. నా నోరే ఆమెకు శత్రువైంది.

కొందరు ఒంట్లో బాగుందని మానేస్తారు. బాగున్నది ఆ గోళీ వల్లనే! ఆపితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా కూడా పోవచ్చు. మానినవాళ్లు తిడతారని వెనకాడకండి, ఏఆర్‌టీ సెంటరుకు పోండి. రోజూ వేసుకుని, పరీక్షలో వైరస్ కనపడనంత తగ్గి అట్లనే ఉంటే, కలయిక వల్ల భార్యకో భర్తకో అంటదు. అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

కార్ఖానా సేట్లు కూడా ఇక్కడే కూర్చున్నరు. అన్నా, మనిషి ఒక పూట సెలవడిగితే ఇవ్వండి. ఎందుకని మాత్రం అడగొద్దు.