సుముహూర్తమునకు ముందు, తరువాత



గడియారమను మాట గడియ నుండి పుట్టినది. పూర్వకాలమున అడుగున సన్నని రంధ్రముగల గిన్నెను నీటిపై నుంచెడివారు. అది నిండి మునిగినచో ఒక గడియ, అనగా 24 నిమిషములు, గడచినట్లు లెక్క. పెండ్లి పెద్దలు ఆ గిన్నెను కనిపెట్టుకొని ముహూర్తమునకై వేచియుండెడివారు. నేడు ప్రతివారి చేతను గడియారమున్నది. ముహూర్తము మాత్రము దాటిపోవుచున్నది. కారణమేమి? శుభలేఖలోని సమయమే పెండ్లి ఆరంభమని మనము భ్రమపడుచున్నాము.

అది ఆరంభము కాదు. వధూవరులు ఒకరి శిరస్సుపై నొకరు జీలకర్ర బెల్లము నుంచు క్షణము. కావున లెక్క అక్కడనుండి వెనుకకు నడువవలెను. ఉదయము 10.30 గంటలకు సుముహూర్తమనుకొందము. విఘ్నేశ్వర పూజ, గౌరీ పూజ, వరపూజ, కన్యాదానములకు రెండు గంటలు విడిచినచో, 8.30 గంటలకే వరుడు పీటలపై నుండవలెను. ఎదుర్కోళ్ళు, బాజాభజంత్రీలు అంతకు ముందే ముగియవలెను. మంగళస్నానము, అలంకరణ తెల్లవారుజాముననే మొదలు కావలెను. అట్లయిన మగపెండ్లివారు ముందటి రాత్రికే విడిదికి చేరుట మేలు. రైలులో వచ్చు బంధువులు దిగెడి వనపర్తి రోడ్ స్టేషను మన పట్టణమున లేదు, మదనాపురమున నున్నది. అక్కడనుండి రోడ్డు ప్రయాణమును గూడ లెక్కింపవలెను.

సుముహూర్తముతో పెండ్లి ముగియదు. పుస్తె కట్టుట, తలంబ్రాలు, హోమము, సప్తపది మిగిలియున్నవి. వీనికి మరి రెండు గంటలు కావలెను. కాని భోజనముల తొందరలో సప్తపది నాటికి మండపము ఖాళీయగుచున్నది. మంత్రము కుదించుడని పురోహితునిపై ఒత్తిడి వచ్చుచున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టము 7వ సెక్షను సైతము, సప్తపది ఆచారముగా గల వివాహము ఏడవ అడుగుతోనే పూర్ణమగునని చెప్పుచున్నది. అట్టి అడుగును తొందరలో వేయించుట తగునా?

ఆలస్యపు భారమెవరిపై పడును? ఉపవాసముతో నున్న కన్యాదాతలపై, వైశాఖపు ఎండలో పట్టువస్త్రములతో కూర్చున్న వధువుపై. కావున వారము ముందే పురోహితునితో కూర్చుండి, మీ ఇంటి ఆచారముననుసరించి ఏ క్రతువునకెంత సమయమో వ్రాసికొనుడు. ప్రతి ఘట్టమునకు నడుమ ఒక అరగడియ ఖాళీగా విడువుడు. ఫొటోలకు వేరుగా సమయము కేటాయింపుడు. వృద్ధులకు, పిల్లలకు భోజనము ఆపకుడు. దగ్గరి బంధువులు మాత్రము సప్తపది వరకు మండపమున నుండునట్లు చూడుడు. ఆ కాగితమును ఇంటి పెద్ద ఒకరి చేతికిచ్చి, ఆ దినమున వారి మాటయే అందరును వినుడు.

కాలమును గౌరవించుటయే ముహూర్తమును గౌరవించుట.

స్వస్తి.