ఛాయాగ్రాహకుని అనుభవమున కెమెరా లెన్సులు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగ జరుగుచుండగా పటములు తీయువానిని పిలిచి మాటాడుమనుట మీ సౌజన్యము. ఈ గ్రంథాలయ సభలకు నేను ఏటేట వచ్చుచునే యున్నాను గాని, ఎల్లప్పుడును కెమెరా వెనుకనే నిలిచితిని. మీ యెదుట నిలుచుట నేడే. నా వృత్తిలో నన్ను జనులు తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఏ లెన్సు మంచిది?" కొత్తగా కెమెరా కొనిన పిల్లవాడును అడుగును, కూతురి పెండ్లి పెట్టుకొన్న తండ్రియు అడుగును. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానము చెప్పుటయే నేటి నా పని. నేను శాస్త్రజ్ఞుడను కాను. నా చేతిలో అరిగిన పనిముట్లను గూర్చియు, వానితో నేను చేసిన యొక తప్పును గూర్చియు చెప్పెదను.

లెన్సునకు పాఠ్యపుస్తకములలో కటకమని పేరు. దానిపై ముఖ్యముగా రెండు అంకెలు చెక్కియుండును. మొదటిది నాభ్యంతరము, దానిని మిల్లీమీటర్లలో చెప్పుదురు. ఆ అంకె చిన్నదైన కొలది పటములో ఎక్కువ మేర పట్టును. పెద్దదైన కొలది దూరపు వస్తువు దగ్గరగా కనబడును. రెండవది ఎఫ్ నంబరు. అది చిన్నదైన కొలది లోనికి వచ్చు వెలుగు ఎక్కువ. ఎఫ్ 4 నుండి ఎఫ్ 2.8 కు మార్చినచో వెలుగు రెండింతలగును. నేను చెప్పబోవు లెక్కలన్నియు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల ఫిల్మునకు, అంత కొలతయే గల డిజిటల్ కెమెరాలకు వర్తించును. చిన్న సెన్సారు గల కెమెరాలు కొన్నింటిలో 35 మిల్లీమీటర్ల లెన్సు 50 వలె పనిచేయును. కొనువారు ఈ సంగతి మరువరాదు.

ఇక చరిత్రను రెండు మాటలలో ముగించెదను. ఫోటోగ్రఫీ 1839లో పారిస్ నగరమున లోకమునకు వెల్లడియైనది. అప్పటి లెన్సులు మందకొడివి. మనుష్యుడు నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసి యుండెను. 1840లో వియన్నాలో పెట్జ్వాల్ అను గణితాచార్యుడు లెక్క గట్టి మనుష్యుల ముఖములకై ఒక లెన్సును రూపొందించెను. దానివలన కూర్చుండు కాలము మిక్కిలి తగ్గినది. అయితే ఆ లెన్సు నడుమ భాగమును మాత్రమే స్పష్టముగా చూపెడిది, అంచులు మసకబారెడివి. ఈ అంచుల మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. నా కథ యంతయు అంచున నిలిచిన యొక మనిషిని గూర్చినదే.

మన హైదరాబాదు రాజ్యములో ఈ విద్యకు కీర్తి తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1844లో ఉత్తరదేశమున సర్ధానాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో కొలువు చేయుచు ఈ విద్య నేర్చెను. పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1892లో పరదా స్త్రీల కొరకు హైదరాబాదున ప్రత్యేకముగా ఒక జెనానా స్టూడియోను గూడ నెలకొల్పెను. 1905లో పరమపదించెను. ఆయన సంస్థవారి గాజుపలకల నెగెటివులు 2,857 నేడు ఢిల్లీ యందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. నవాబులు, దివానులు, దర్బారులు, వేటలు నూరేండ్లు దాటినను చెక్కుచెదరక యున్నవి. మన తాతముత్తాతల ముఖము లెక్కడ నున్నవి? ఈ ప్రశ్నను కడపట మరల అడిగెదను.

నేను పని నేర్చినది యాషికా మ్యాట్ 124 జి అను కెమెరాతో. దానికి ముందువైపు ఒకదానిపై నొకటిగా రెండు లెన్సులుండును. పైది చూచుటకు, క్రిందిది పటము తీయుటకు. రెండును 80 మిల్లీమీటర్లవే. దానిని నడుమునకు ఆనించి, తల వంచి, పైనున్న అద్దములోనికి చూడవలెను. కుడి యెడమగను, ఎడమ కుడిగను కనబడును. ఒక్క చుట్టకు పండ్రెండు పటములే. కావున ప్రతి పటమునకు ముందు ఆలోచింపవలసి వచ్చెడిది. లెన్సు మార్చుటకు వీలు లేదు. ఎక్కువ మంది పట్టవలెనన్న కాళ్లే వెనుకకు నడువవలెను. అది నాకు లోపముగా తోచెడిది. అదియే నా గురువని చాల ఆలస్యముగా తెలిసికొంటిని.

తరువాత లెన్సులు మార్చుకొను కెమెరా కొంటిని. దానితో 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు వచ్చినది. మన వంటివారు కొనదగిన మొదటి లెన్సు ఇదియే యని నా దృఢాభిప్రాయము. తేలికైనది, వెల తక్కువ, చీకటిలో వెలుగును చక్కగా పట్టును. కాలభైరవస్వామి ఉత్సవమున దీపముల వెలుతురులో ముఖములు తీయవలసినపుడు నన్ను ఆదుకొన్నది ఇదియే. చిన్నదానినుండి పెద్దదానికి తిరుగు జూము లెన్సులు సౌకర్యమే గాని, వెల తక్కువ జూములలో వెలుగు తక్కువ. మునిమాపువేళ అవి అలసిపోవును. పైగా జూము వాడువాడు నడుచుట మానివేయును.

85 మిల్లీమీటర్ల లెన్సు ఒక్క మనిషి ముఖమునకు మేలైనది. మన ప్రాంతమునుండి ఎందరో యువకులు గల్ఫు దేశములకు పోవుచుండుటచేత పాస్‌పోర్టు పటములు నా స్టూడియోకు నిత్యజీవనము. ఆ ముఖములను నేను రెండు మీటర్ల దూరమునుండి ఈ లెన్సుతోనే తీయుదును. అయితే ఎఫ్ 1.8 వద్ద ఆ దూరమున స్పష్టముగా వచ్చు లోతు సుమారు ఆరు సెంటీమీటర్లే. కన్ను స్పష్టముగా నుండును, చెవి మసకగును. వెనుకనున్నదంతయు కరగిపోయినట్లు కనబడుట నేటి యువకులకు మోజు. మనిషి చెవియు మనిషిదే గదా యని నేను ఎఫ్ 4 వద్దనో 5.6 వద్దనో తీయుదును.

200 మిల్లీమీటర్ల దూరపు లెన్సు పోచారము అభయారణ్యమున జింకలకు, పక్షులకు కావలెను. బతుకమ్మ ఆడు తల్లులను చెట్టుచాటునుండి ఆ లెన్సుతో తీయువారిని చూచితిని. అది నాకు నచ్చదు. జింకకు మన మాట తెలియదు గనుక దూరమునుండి తీయుదుము. మనిషిని అడిగి తీయవచ్చును.

ఇక 28 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు. దోమకొండ కోటలో గోడల నడుమ ఇరుకున నిలిచి మండపమంతయు పట్టవలెనన్నను, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆనకట్ట బారును చూపవలెనన్నను ఇది లేక గడవదు. రాయికిని నీటికిని అది మంచి లెన్సు. దానిని మనుష్యుల వరుసపై ప్రయోగించి నేను దోషినైతిని.

ఫిల్ము చివరి దినములలో సమీప గ్రామమున ఒక పెండ్లికి పోతిని. ముంగిట పందిరి క్రింద చుట్టపువారు పదిమంది ఒకే వరుసగా నిలిచిరి. వరుస వెడల్పు సుమారు అయిదు మీటర్లు. 50 లెన్సుతో వారందరు పట్టవలెనన్న ఏడు మీటర్లు వెనుకకు పోవలెను. నా వెనుక భోజనముల బంతి సాగుచుండెను. 28 తొడిగితిని, నాలుగు మీటర్లనుండియే అందరును పట్టిరి. పటము ముగిసినది. వరుస కొసన పెండ్లికుమారుని పెద్దమ్మ నిలిచియుండెను. బీడీలు చుట్టి బిడ్డను పెంచిన మనిషి. ఆ బిడ్డ అప్పుడు దుబాయిలో నుండెను.

కొన్నేండ్లకు ఆమె కన్నుమూసెను. కుమారుడు వచ్చునప్పటికి దహనము ముగిసినది. ఓటరు కార్డు మీది గోరంత బొమ్మ తప్ప ఆమె పటము మరియొకటి లేదు, నేను తీసిన పెండ్లి పటము తప్ప. అతడు నా వద్దకు వచ్చి, దానిలోనుండి తల్లిని వేరుచేసి గోడకు పెట్టుటకు పెద్దది చేయుమనెను. చేసి యిచ్చితిని. అతడు చాలసేపు చూచి, "అన్నా, మా అవ్వ మొగం గిట్ల లేకుండె" అనెను.

నిజమే. ఆమెది సన్నని కోల ముఖము. పటములో అది అడ్డముగా సాగి, వాచినట్లున్నది. ఇది లెన్సు నాణ్యతలోని లోపము కాదు. బ్యాటరీ దీపమును గోడకు ఎదురుగా పట్టిన వెలుగు గుండ్రముగా పడును. ఏటవాలుగా పట్టిన కోడిగుడ్డు వలె సాగును. అట్లే లెన్సులోనికి ఏటవాలుగా వచ్చు ముఖము సమతలముగా నున్న ఫిల్ముపై సాగును. 28 లెన్సుతో పటము కొసన ముఖము సుమారు అయిదవ వంతు అధికముగా వెడల్పగును. 50 లెన్సుతో నూటికి ఆరు పాళ్లు మాత్రమే. దానిని కన్ను పట్టదు.

నన్ను బాధించినది ఈ లెక్క కాదు, మరియొక లెక్క. ఆ రాత్రి కాగితముపై గీసి చూచితిని. అయిదుగురిని కుర్చీలపై కూర్చుండబెట్టి, అయిదుగురిని వెనుక నిలిపియుండినచో, ఆ నాలుగు మీటర్ల చోటులోనే 50 లెన్సుతో అందరును పట్టియుందురు. చోటు చాలకపోవుట కాదు. కుర్చీలు తెప్పించుటకు అయిదు నిమిషములు ఓపిక లేకపోయినది. పిమ్మట కంప్యూటరుపై ఆ ముఖమును అదిమి సన్నగా చేసి యిచ్చితిని. అది లెక్క ప్రకారము సరియైన ముఖము. ఆమె ముఖమా కాదా యని చెప్పగలవాడు అతడొక్కడే. అతడు ఏమియు అనక తీసికొనిపోయెను.

నాటినుండి నేను పాటించు నియమములు చెప్పెదను; పటములు తీయు పిల్లలు వినగోరుచున్నాను. గుంపును ఒకే వరుసగా నిలుపక రెండు మూడు వరుసలు చేయుడు. అందరును స్పష్టముగా వచ్చునట్లు ఎఫ్ 8 పెట్టుడు. వృద్ధులను నడుమ కూర్చుండబెట్టుడు. వెడల్పు లెన్సు తప్పనిసరియైనచో కొసలయందు పడుచువారిని నిలుపుడు, వారికి ముందు ముందు పటములు చాల గలవు. గుంపు పటము ముగిసిన పిదప ప్రతి ముసలితల్లికి, ముసలితండ్రికి ఒక్కొక్క పటము విడిగా తీయుడు. అడుగకున్నను తీయుడు, డబ్బు రాకున్నను తీయుడు.

ఇప్పుడు ప్రతి చేతిలోను ఫోను కెమెరా గలదు. దాని ముఖ్యమైన లెన్సు సాధారణముగా మన లెక్కలో 24 మొదలు 26 మిల్లీమీటర్ల వంటిది. అనగా నా 28 కంటెను వెడల్పు. దానిని ముఖమునకు 40 సెంటీమీటర్ల దగ్గర పట్టినచో, చెవికంటె పండ్రెండు సెంటీమీటర్లు ముందున్న ముక్కు చెవితో పోల్చగా మూడవ వంతు వరకు పెద్దదగును. రెండు మీటర్లు దూరముగా నిలిచినచో ఆ తేడా నూటికి ఆరే. కావున ఫోనుతో తీయువారును రెండడుగులు వెనుకకు వేసి తీసి, పిదప కావలసిన మేరకు కత్తిరించుకొనుడు. ముఖము వికారమగుటకు మూలము దగ్గరతనమే. లెన్సు మనలను దగ్గరకు రమ్మని పిలుచును, అంతే.

లెన్సును కాపాడుకొనుటను గూర్చి ఒక్క మాట. వానకాలమున తోలుసంచిలో మూసియుంచిన లెన్సునకు లోపల బూజు పట్టును. నా లెన్సు ఒకటి అట్లే పాడైనది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లముతో ఉంచుడు. ధోవతి కొంగుతో అద్దము తుడువకుడు. ముందు ధూళిని గాలితో ఊది, పిదప మెత్తని బట్టతో తుడువుడు.

"ఏ లెన్సు మంచిది?" అను ప్రశ్నకు నా జవాబు ఇది. ఏ లెన్సుతో తీసిన పటములో వరుస కొసన నిలిచిన మనిషిని ఆమె బిడ్డ గుర్తుపట్టగలడో, అది మంచి లెన్సు. అది పెట్టెలో నుండదు. ఎంత దూరమున నిలిచితిమి, ఎంత ఓపిక పట్టితిమి యనుదానిలో నుండును.

ఇక కడపటి మాట. నవాబుల పటములకు ఢిల్లీలో చోటు దొరికినది. మన ఊరివారి పటములకు ఈ గ్రంథాలయమే చోటు. మీ ఇండ్లలో పాత పటము లున్నచో తెండు. నేను వానికి ఉచితముగా నకళ్లు తీసి, అసలు పటములు మీకు మరల ఇచ్చెదను. ప్రతి నకలు వెనుక వరుసక్రమమున పేర్లు వ్రాయుదము. కొసన ఉన్నవారి పేర్లు మొదట వ్రాయుదము. పేర్లు తెలిసిన పెద్దలు మన నడుమ నుండగానే ఈ పని జరుగవలెను. పుస్తకముల బీరువా ప్రక్కన ఒక చిన్న బీరువా చాలును. దాని కయ్యెడు ఖర్చు నాది.

 సభ ముగియగానే అందరమును ఒక పటము తీసికొందము. కుర్చీలు కొంచెము ముందుకు జరుపుడు. పెద్దవారు నడుమకు రండు.