చెవి చెప్పిన సాక్ష్యము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

ప్రతి సంవత్సరము ఈ వేదికపై మీ పరీక్షా ఫలితములను గూర్చి ముచ్చటించుట నాకు అలవాటు. ఈ యేడు నేను తప్పిన పరీక్ష నొకదానిని గూర్చి చెప్పదలచితిని. ఆ పరీక్ష పెట్టినవాడు మన తొమ్మిదవ తరగతి విద్యార్థి.

ఒకనాటి మధ్యాహ్న విరామమున ఆ బాలుడు నాయొద్దకు వచ్చి, సెల్‌ఫోనులో ఒక ఆంగ్ల గీతమును వినిపించెను. అది ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందమువారి ‘బ్లాక్‌బర్డ్’. 1968 జూన్ 11వ తేదీన లండనులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో పాల్ మెకార్ట్‌నీ ఒక్కడే గిటారు వాయించుచు పాడిన పాట. అందు డోలు మొదలగు వాద్యము లేవియు లేవు. అయినను ‘టక్కు టక్కు’మని ఒక చప్పుడు పాటను వెంబడించుచుండును.

“మాస్టారూ, ఇది ఏ వాద్యమండీ?” అని అతడు అడిగెను.

ఎన్నడో చదివినది జ్ఞప్తికి తెచ్చుకొని, “మెట్రోనోమ్, నాయనా. కాలప్రమాణము చూపుటకు టిక్కుటిక్కుమని కొట్టు యంత్రము” అని జంకు లేక చెప్పితిని. అచ్చులో చూచిన మాట గదా యని నా ధైర్యము.

వాడు మరల విని, “యంత్రమైతే ప్రతి దెబ్బా ఒకే తీరుగా ఉండాలి కదండీ? ఇందులో ఒక దెబ్బ బరువుగా, ఒకటి తేలికగా ఉందండీ” అనెను. తరగతికి వేళయినదని చెప్పి పంపివేసితిని.

ఆ రాత్రి నేనొక్కడనే కూర్చుండి ఆ పాటను నాలుగు మారులు వింటిని. అందలి తాళపు కొలత ఒకచోట మూడు, ఒకచోట నాలుగు, మరియొకచోట రెండుగా మారుచుండును. చప్పుడు యంత్రమువలె గాక, పాడువానితో కలిసి నడచుచున్నది. పిదప విచారింపగా సంగతి తేలినది. అది తన పాదముల చప్పుడేనని మెకార్ట్‌నీయే ‘ఆంథాలజీ’ అను చిత్రమాలికలో చెప్పియున్నాడు. ఆ పాట పాడుచు రెండు పాదములను మార్చి మార్చి నేలపై తట్టుచుండుట నాటి చలనచిత్రములలో కనిపించును కూడ. యంత్రమని అచ్చులో కెక్కినది మానవుని కాలిజోడు!

మరునాడు ప్రార్థన ముగిసిన పిమ్మట, అందరియెదుట, “నేను చెప్పినది తప్పు, ఈ బాలుడు విన్నది ఒప్పు” అని ప్రకటించితిని. ముప్పది సంవత్సరముల ఉపాధ్యాయ వృత్తిలో అంతకంటె కష్టమైన వాక్యమును నేను పలికి యెరుగను. పలికిన తరువాత మాత్రము మనస్సు తేలికపడినది.

నాటినుండి మా యిద్దరికి ఇట్టి చప్పుళ్లను వెదకుట వేడుకయైనది. 1957లో అమెరికా గాయకుడు బడ్డీ హాలీ పాడిన ‘ఎవ్రీడే’ యను పాటలో మెత్తని చప్పుడొకటి కలదు. అది వాద్యకారుడు జెర్రీ ఆలిసన్ తన మోకాళ్లపై చేతులతో చరచుకొన్న చప్పుడు. అదే యేట ‘నాట్ ఫేడ్ అవే’ పాటకు ఆయన అట్టపెట్టెను వాయించెను. 1968లో జిమి హెండ్రిక్స్ బృందము వెలువరించిన ‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’ ఆరంభమున గరగరమను శబ్దము వైబ్రాస్లాప్ అను వాద్యముది. దానికి మూలము ఎండిన గాడిద దవడయెముక! దానిని తట్టినచో వదులైన పండ్లు గలగలలాడును. 1973లో వెలువడిన ‘మనీ’ యను పాటకు పింక్ ఫ్లాయిడ్ బృందమువారు నాణెముల గలగల, కాగితము చించు చప్పుడు, అంగళ్లలో డబ్బు పెట్టె మ్రోత మున్నగువానిని టేపుపై పట్టి, ముక్కలను కొలిచి అతికించి, ఏడు దెబ్బల ఆవృత్తముగ కూర్చిరి. మన మిశ్రచాపునకును అక్షరములు ఏడే గదా!

ఇట్టి శబ్దముల నెట్లు గుర్తింపవలెను? మైకును దగ్గరగ నుంచినచో చిన్న చప్పుడును పెద్ద వాద్యమువలె తోచును. కావున మొదట పేరు పెట్టక వినవలెను. కొట్టిన వెంటనే అణగిపోవునా, మ్రోగుచు నిలుచునా? అట్టపెట్టె అణగును, కంచు మ్రోగును. రెండవది, దెబ్బలన్నియు సమానముగ నున్నవా? మనుష్యుని చేతికి, కాలికి యంత్రమునకుండు సమత ఉండదు. మూడవది, మోకాలితో, పెట్టెతో, బల్లతో మనమే ఆ శబ్దమును పుట్టించి పోల్చి చూడవలెను. కడపట, వాయించినవాడు చెప్పిన మాటను, చిత్రముల సాక్ష్యమును విచారింపవలెను. ఇది పాటలకే గాదు, సైన్సు పాఠమునకును పనికివచ్చు పద్ధతి.

తల్లిదండ్రులారా, పిల్లవాడు అట్టపెట్టెపై దరువు వేసినచో వెంటనే కసరకుడు. మన ఘటము మట్టికుండయే గదా! విద్యార్థులారా, గురువు చెప్పినను, గ్రంథము చెప్పినను, మీ చెవి వేరుగ చెప్పినచో వినయముతో అడుగుడు. ఉపాధ్యాయ మిత్రులారా, అట్లడిగిన బాలుని నేను చేసినట్లు వేళయినదని పంపివేయకుడు.

ఆ బాలుడు ఇప్పుడు ఈ సభలోనే, వెనుక వరుసలో కూర్చున్నాడు. వానికి నా కృతజ్ఞత. సెలవు.