ఒక్క విద్యయా, పలు విద్యలా?

(పట్టణ గ్రంథాలయమున యువజనుల యెదుట చేసిన ఉపన్యాసము)



ఒక్క విద్యనే పట్టి దాని లోతు చూడవలెనా, నాలుగు పనులు నేర్చి యుంచుకొనవలెనా యని మన యువకులు నన్ను తరచుగ నడుగుచున్నారు. పెద్దలకడ దీనికి రెండు వైపుల సామెతలును సిద్ధముగ నున్నవి. సామెతలతో ఉద్యోగములు దొరకవు గావున సంగతి విచారింతము.

1776వ సంవత్సరమున ఆడమ్ స్మిత్ తన గ్రంథములో గుండుసూదుల కార్ఖానాను వర్ణించెను. పదిమంది పనిని పంచుకొని దినమునకు 48,000 సూదులు చేయగలరని లెక్క చెప్పెను. ఈ ముక్క అందరును ఉదాహరింతురు. శ్రమవిభాగమునకు బజారు విస్తీర్ణమే హద్దు అని అతడే తరువాత చెప్పినదానిని మాత్రము మరతురు. స్కాట్లండు కొండసీమలోని ఒంటరి రైతు తన యింటికి తానే కసాయి, తానే రొట్టెలు కాల్చువాడు.

నా వృత్తినే చూడుడు. చిన్న పట్టణపు ప్లీడరు ఉదయము ఆస్తిపంపకపు దావా, మధ్యాహ్నము జామీను దరఖాస్తు, సాయంకాలము చెల్లని చెక్కు కేసు చూడకున్న ఇల్లు గడవదు. ఢిల్లీలో పన్నుల వ్యాజ్యములతోనే జీవించువారు కలరు. వారు మాకంటె మేధావులని నేనొప్పుకొనను. వారి బజారు పెద్దది.

అయితే పెద్ద బజారును నమ్మినవారికిని గండము కలదు. కంప్యూటరులలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసియుంచినందున, 2000 రాగానే లెక్కలు తారుమారగునను భయము లోకమంతట వ్యాపించెను. వానిని సరిదిద్దుటకు కోబాల్ అను పాత భాష తెలిసినవారు కావలసివచ్చిరి. హైదరాబాదున అమీరుపేట సందులలో శిక్షణాలయములు కిటకిటలాడెను. అప్పుచేసి ఫీజు కట్టిన తండ్రులను నేనెరుగుదును. పెక్కురు తెలుగు యువకులు అమెరికాకు పోయిరి. మరమ్మతు ముగిసెను, 2001లో అక్కడి కంపెనీలు కుంగెను, పని పోయినవారిలో పలువురు తిరిగివచ్చిరి.

ఒక్క విద్యయే వారిని ముంచినదని తొందరపడి తీర్పు చెప్పకుడు. 2020 ఏప్రిల్ నెలలో, కరోనా మహమ్మారి వేళ, న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ తమ ప్రభుత్వపు పాత కంప్యూటరులను నడపుటకు కోబాల్ తెలిసిన స్వచ్ఛందసేవకులు కావలెనని బహిరంగముగ కోరెను. కాలము చెల్లినదన్న విద్యకే ఇరువది యేండ్లకు పిలుపు వచ్చెను! మూడు నెలలలో అంకెలు దిద్దుట మాత్రము నేర్చినవాడు ఆ పిలుపు నందుకొనజాలడు. పరులు వ్రాసిన పాత లెక్కల అల్లికను చదివి గ్రహింపగలవాడు అందుకొనును.

కాబట్టి మన పట్టణమువంటి చోట మొదట ఒక వృత్తిలో వేళ్లు దిగవలెను. పిమ్మట దాని పొరుగు పనిని నేర్వవలెను. మోటారు వైండింగు ఎరిగినవాడు సోలారు పంపు బిగింపు నేర్చిన ఏడాది పొడుగున పని దొరకును. అతడే టైపు, ఫోటోగ్రఫీ, బేకరీ సర్టిఫికెట్లు కూర్చుకొనిన గోడకు అలంకారమగును.

ఇక న్యాయవాదిగ ఒక మాట. ఒక్క పనిలోనే చేయి తిరుగవలెనని యజమాని కోరును. ఆ పని అంతరించిననాడు నష్టము మాత్రము కార్మికుని నెత్తిన పడును. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల కోడులో, రిట్రెంచి చేయబడిన కార్మికుడు కొత్త పని నేర్చుకొనుటకై యజమాని 15 దినముల వేతనము నొక నిధికి చెల్లింపవలెనని యున్నది. సూత్రము మంచిదే. పదునైదు దినముల కూలితో ఏ విద్య పట్టుబడును? ఆ మొత్తము పెరుగవలెనని మన ప్రతినిధులను గట్టిగ అడుగవలసియున్నది.

అంతవరకు ఊరకుండనేల? ఈ భవనపు మేడగది రాత్రి ఏడుగంటల తరువాత తాళమువేసియుండును. విశ్రాంత ఇంజనీర్లు, లెక్కల గుమాస్తాలు మన సభ్యులలోనే కలరు. ఇద్దరు పాఠము చెప్పుటకు నాతో మాట యిచ్చియున్నారు. కార్యదర్శిగారు తాళపుచెవి యిప్పించినచో వచ్చు సోమవారమే మొదలిడుదుము.