తోచకపోవడానికి ఒక పేరు

(అనువాదకుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోనికి మాటలు మోసుకొనివచ్చే వృత్తి నాది. ఆ వృత్తిలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవి కావ్యాలు కావు, నాలుగు పుటల ఆరోగ్య కరపత్రం ఒకటి. దాని శీర్షికలోని మాట ‘అవసాద్’. ఆంగ్లంలో డిప్రెషన్.

ఆంగ్లపదం ఒక్కటే ఐనా తెలుగులో దానికి వేరువేరు పేర్లు. బంగాళాఖాతంలో ఏర్పడితే వాయుగుండం. బజారులో ఏర్పడితే మాంద్యం. మనిషిలో ఏర్పడితే ఏమనాలి? ‘అవసాద్’నే ఉన్నదున్నట్లు దించుకొందామా అంటే, హిందీ భూగోళ పాఠాలలో అవసాదీ శిలలంటే మన అవక్షేప శిలలు. పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడినవి. ఉపమానంగా బాగానే ఉన్నది గాని తెలుగు పాఠకునికి అందదు. ‘విషాదం’ అందామంటే అది భగవద్గీత మొదటి అధ్యాయం పేరులో ఉన్నది, దినపత్రికలలో ప్రతి ప్రమాద వార్తకూ తగులుకొని ఉన్నది. చివరకు పత్రికలు వాడుకలోనికి తెచ్చిన ‘కుంగుబాటు’నే స్వీకరించాను.

పేరు కుదిరింది గాని అసలు చిక్కు లోపల ఉన్నది. మూలంలో మొదటి లక్షణం ‘మన్ నహీఁ లగ్‌నా’. నా ఎం.ఏ. పాండిత్యమంతా వినియోగించి దానిని ‘దైనందిన కార్యకలాపములయందు అనాసక్తి’ అని వ్రాశాను. ఆ చిత్తుప్రతిని మా మేనత్తగారికి ఇచ్చి చదవమన్నాను. ఆమెకు హిందీ రాదు, తెలుగు మాత్రం నాకంటె బాగా వచ్చును.

ఏడాదిగా ఆమె తలపోటు, అరికాళ్ళ మంటలు, కడుపులో గ్యాసు అంటూ వైద్యుల చుట్టూ తిరుగుతున్నారు. రక్తపరీక్షలు, స్కానింగులు అన్నీ సవ్యంగానే వచ్చాయి. “మీకేమీ లేదమ్మా” అని ఒక వైద్యుడు పంపివేశాడు. ఆ మాట ఆమెకు ఊరట కాలేదు, అవమానమైంది. తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చేది. పూజగదిలో దీపం పెట్టడం కూడా మానుకొన్నారు. ఇంట్లో అందరూ వయసు అనుకొన్నారు. నేనైతే మొండితనం అనుకొన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది.

చిత్తుప్రతి చదివి ఆమె, “ఇదెవరో పెద్ద ఉద్యోగస్తులకు వచ్చే జబ్బులా ఉందిరా” అని తిరిగి ఇచ్చేశారు.

ఆ రాత్రి ఆ వాక్యం కొట్టివేశాను. ‘ఏమీ తోచదు. ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాదు. తెల్లవారకముందే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. ఆకలి తగ్గుతుంది. ఎందుకూ పనికిరానని అనిపిస్తుంది. ఇట్లా రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటే వైద్యుని కలవండి’ అని వ్రాశాను. ఈసారి ఆమె కాగితాన్ని మడిచి పంచాంగంలో పెట్టుకొన్నారు. మరునాటి ఉదయం కాఫీ ఇస్తూ, “ఆ డాక్టరు ఎక్కడ కూర్చుంటాడు?” అని అడిగారు.

మిత్రులారా, ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనవారు సుమారు 20 మందిలో ఒకరని అందులో తేలింది. ఆ వ్యాధి ఉన్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదనీ తేలింది. (ఆ పన్నెండింటిలో మన రెండు తెలుగు రాష్ట్రాలు లేవు.) ఇంతమందికి చికిత్స అందకపోవడానికి వైద్యుల కొరత ఒక కారణం. తమది వ్యాధి అని రోగికే తెలియకపోవడం మరొకటి. ఉత్తరాదిన ‘జీ ఘబ్‌రాతా హై’ అంటారు, ‘దిల్ బైఠా జాతా హై’ అంటారు. మనవారు గుండెదడ, గుబులు, ఒళ్ళంతా నీరసం అంటారు. గుండె పేరు పెట్టి మనసు సంగతి చెప్పుకోవడం దేశమంతటా ఉన్న అలవాటే. విన్నవారు గుండెను మాత్రమే పరీక్షించి పంపివేస్తే తప్పు రోగిది కాదు.

పొరుగుదేశమైన పాకిస్తానులో, రావల్పిండి ప్రాంతపు పల్లెలలో, కుంగుబాటుతో ఉన్న గర్భిణీ స్త్రీల విషయంలో ఒక ప్రయత్నం జరిగింది. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు, అంటే మన ఆశా కార్యకర్తల వంటివారికి, తల్లులతో మాట్లాడే పద్ధతి నేర్పారు. వారు వ్యాధి పేరుతో గడప తొక్కలేదు. బిడ్డ ఎదుగుదల గురించి మాట్లాడుతూ, ఆ దారిన తల్లి మనసులోనికి వెళ్ళారు. ఫలితాలు 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడినాయి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఈ సాయం పొందిన తల్లులలో నూటికి 23 మందిలోనే కుంగుబాటు మిగిలింది. మామూలు సందర్శనలు మాత్రమే జరిగినచోట నూటికి 53 మందిలో ఉన్నది. గోవాలో కూడా, వైద్యవిద్య లేని సలహాదారులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఇటువంటి పని చేసి మేలు చూపించారు. అనువాదకునిగా నాకు వీటిలో కనబడేది ఒకటే: వారు రోగి భాషలోనికి ముందుగా తాము అనువాదమై వెళ్ళారు.

మా అత్తయ్యగారి సంగతికి వస్తాను. మానసిక వైద్యుడు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించాడు. ఆ గ్రంథి మందగించినా ఇటువంటి లక్షణాలే ఉంటాయట. తరువాత ఏ మొహమాటమూ లేకుండా, “చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?” అని అడిగాడు. నేను ఉలిక్కిపడ్డాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని నా భయం. ఆమె మాత్రం తాపీగా, “చాలాసార్లు నాయనా” అన్నారు. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్న మేమెవ్వరమూ అడగని ప్రశ్న అది. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదనీ, చెప్పుకొనే దారి దొరుకుతుందనీ వైద్యుడు తరువాత నాతో చెప్పాడు.

మాత్రలు వ్రాసి, గుణం కనబడడానికి రెండు నుండి నాలుగు వారాలు పట్టవచ్చునని చెప్పాడు. పదవనాటికి వికారం పుట్టి, “ఇవి నిద్రమాత్రలురా, అలవాటైపోతాయి” అని ఆమె మానివేయబోయారు. అవి నిద్రమాత్రలు కావు. కుదుటపడిన తరువాత కూడా వైద్యుడు చెప్పినన్ని నెలలు వాడవలసినవే. నచ్చజెప్పడానికి మా ఇంటిల్లిపాదికీ రెండు రోజులు పట్టింది. ఐదవ వారంలో ఒక సాయంత్రం నేను కార్యాలయం నుండి వచ్చేసరికి పూజగదిలో దీపం వెలుగుతున్నది. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

వైద్యుని వద్దకు వెళ్ళడానికి జంకేవారికి 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉన్నది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చును, ఖర్చు లేదు.

ఆ కరపత్రం ఇప్పుడు రెండవ ముద్రణకు పోతున్నది. ‘ఏమీ తోచదు’ అన్నది గ్రామ్యంగా ఉన్నదనీ, ‘అనాసక్తి’ అని సవరించవలసిందనీ ప్రూఫు అంచున ఎవరో ఎర్రసిరాతో వ్రాశారు. వద్దని కారణాలతో జవాబు వ్రాశాను. పై అధికారుల నిర్ణయం ఇంకా రాలేదు. ఈ సభలో ఆ కమిటీ సభ్యులు ఎవరైనా ఉంటే, దయచేసి ఆ ఒక్క మాటను ఉండనీయమని కోరుతున్నాను.