ఇంటి మాట, ఓటు మాట



"మా ఇంట్లో అందరిదీ ఒకే పార్టీ" అన్న మాట ఊళ్లలో తరచు వింటుంటాను. ఆ 'అందరి'లో ఆడవాళ్లను అడిగిందెవరు?

ఎవరికి ఓటు వేశావో చెప్పమని సాక్షిని సైతం నిర్బంధించరాదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ అంటోంది. కోర్టుకే లేని హక్కు భర్తకు, మామగారికి, అన్నకు ఎక్కడిది?

అలాగని అందరూ ఇంటికి వెళ్లి వాదనకు దిగాలని నేననను. దెబ్బలు తినే ఇంట్లో మౌనం పిరికితనం కాదు. అక్కడ ఓటు రహస్యమే ఆమెకు రక్షణ. ఆ భయం లేనిచోట మాత్రం మాట్లాడాలి. పార్టీ పేరుతో మొదలుపెడితే పోట్లాటే మిగులుతుంది. బియ్యం ధర, కూలి, తాగుడు ఖర్చు దగ్గర మొదలుపెడితే ఎదుటివారు కొంతైనా వింటారు.

ఒంటరిగా చెప్తే చెల్లని మాట నలుగురూ కలిస్తే చెల్లుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడింది తమ ఇళ్లలోని మగవాళ్లను ఎదిరించే. ఆ పోరాటం ఊరూరా పాకి, 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్య నిషేధాన్ని తెచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. కనుక ఒకసారి గెలిచిన మాటను కూడా మళ్లీ మళ్లీ చెప్పాల్సిందే.

చుట్టాలతో, ఇరుగుపొరుగుతో బంధం తెంచుకోనక్కర్లేదు. మీ అభిప్రాయం మార్చుకోమని కాదు, మా అభిప్రాయం మమ్మల్ని ఉంచుకోనివ్వమని అడుగుదాం.